దక్షిణామూర్తి గారి నూట పన్నెండు అంకెలు

నర్సీపట్నంలోని ఒక మలేరియా ఆఫీసులో దక్షిణామూర్తి గారు స్టెనో. షార్ట్‌హ్యాండ్‌లో ఆయన వేగానికి విశాఖపట్నంలో బంగారు పతకం ఇచ్చారు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో మాత్రం ఆ వేగంతో పని పడలేదు. వచ్చిన ఆఫీసర్లలో ఎవరికీ మొదలుపెట్టిన వాక్యాన్ని ముగించే అలవాటు లేదు.

ఎనభై ఆరులో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. అప్పటి ఆఫీసరు మన్మథరావు గారు దానికి కొబ్బరికాయ కొట్టించి, బొట్టు పెట్టించి, చెప్పులు బయటే విడవాలని బోర్డు రాయించారు. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది ఆ గదికే. యంత్రాన్ని స్వయంగా కనిపెట్టి ఉండాలని ఆఫీసరు గారు మధ్యాహ్నాలు అక్కడే కుర్చీలో కునుకు తీసేవారు. టైపు తెలుసు కాబట్టి మిగతా చాకిరీ దక్షిణామూర్తి గారి మీద పడింది. కొండ ఊళ్ల నుంచి వచ్చే రక్తపరీక్షల వివరాలు డేటాబేస్ ప్రోగ్రాములోకి ఎక్కించడం, ఎవరైనా వచ్చి అడిగితే వెతికి చెప్పడం ఆయన పని.

ఒక సంతరోజు రాజులమ్మ అనే కొండమనిషి వచ్చింది. మూడు వారాల క్రితం తన పెనిమిటి మత్స్యలింగం రక్తం తీశారు. జ్వరం తగ్గలేదు. ఏ రకం జ్వరమో కాగితం చూపిస్తే తప్ప ఆసుపత్రిలో పూర్తి మందు ఇవ్వమన్నారు. దక్షిణామూర్తి గారు పేరు కొట్టారు. లేదని వచ్చింది. అయితే వాడు రక్తం ఇచ్చే ఉండడని ఆఫీసరు గారు కళ్లు తెరవకుండానే తేల్చేశారు.

రాజులమ్మ కదలలేదు. "రత్తం తీసినప్పుడు పేరు అడిగినారు. ఇప్పుడు పేరు సెప్తే నేదంతారేటి బాబూ?"

దక్షిణామూర్తి గారికి ఆ మాట గుచ్చుకుంది. పాత రిజిస్టర్లు దించి రెండు గంటలు వెతికితే మత్స్యలింగం దొరికాడు, ఇంగ్లీషులో 'మస్సిలింగం'గా. రక్తం తీసేవాళ్లు ఎవరికి ఎలా వినిపిస్తే అలా రాశారు. అంతకుముందు జ్వరాలకు మూడుసార్లు రక్తం తీసినప్పుడు ఒకరు 'మచ్చలింగం' అన్నారు, ఇంకొకరు 'మాచిలింగం' అన్నారు. కంప్యూటర్ లెక్కలో వీళ్లంతా వేరువేరు మనుషులు.

ఆయన రాసిచ్చిన కాగితం తీసుకుని రాజులమ్మ ఆసుపత్రికి పరిగెత్తింది. దక్షిణామూర్తి గారు మాత్రం అక్కడే కూర్చుండిపోయారు. షార్ట్‌హ్యాండ్‌లో అచ్చులు వదిలేసి హల్లులే రాస్తారు గదా, పేర్లనీ అలాగే ఎందుకు చూడకూడదు అనిపించింది. అచ్చులు తీసేసి, త్స, చ, స మూడూ ఒకటే అనుకుంటే లింగాలన్నీ ఒకే లింగమవుతాయి.

థ, ద లాంటివి కూడా కలిపేసి ప్రోగ్రాము భాషలోనే అది రాశారు. సరిగ్గానే పనిచేసింది గానీ, నాలుగువేల పేర్లు చూడడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ లోపల రాజులమ్మలాంటి వాళ్లు నలుగురు వస్తారు.

దారి మాన్యువల్ చివర దొరికింది. ఈ పేజీలు మీకక్కర్లేదని శిక్షణ ఇచ్చిన కుర్రాడు వాటిని మడిచి పెట్టాడు. యంత్రానికి నేరుగా అర్థమయ్యే అంకెలు మెమరీలో ఒక చోట పెట్టుకోవచ్చట. ప్రోగ్రాము పేరును అక్కడికి పంపి, పని అయ్యాక తిరిగి తీసుకోవచ్చట. ఏ అంకెకు ఏ పనో చెప్పే పుస్తకం విశాఖపట్నంలో పాతపుస్తకాల కొట్లో కొన్నారు. రెండు నెలల ఆదివారాలు తెల్లకాగితాల మీద ఆ అంకెలు రాశారు. భార్య వర్ధనమ్మ గారు వడియాలకు కాపలా కాస్తూ వాటిని పైకి చదివి సరిచూసేవారు.

ఆ అంకెలు ఎక్కించి మొదటిసారి పిలవగానే కంప్యూటర్ తెరనిండా పిచ్చిగీతలు గీసి, ఆగకుండా గంట మోగించింది. మన్మథరావు గారు కుర్చీలోంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి వెళ్లిపోయారు. మళ్లీ ముట్టుకుంటే మెమో ఇస్తానని అక్కడినుంచే చెప్పారు.

తప్పు వర్ధనమ్మ గారు పట్టుకున్నారు. "రెండువందల ఒకటి అంటే తిరిగి రమ్మని కదండీ? మీరు వెళ్లమన్నారు గానీ రమ్మని ఎక్కడా రాయలేదు."

ఆ ఒక్క అంకె చేరిస్తే మొత్తం నూట పన్నెండు అయ్యాయి. వెతకడానికి తొమ్మిది సెకన్లు పట్టింది.

మెమో రాకముందే తనిఖీ వచ్చింది. సూర్యనారాయణమూర్తి గారనే పై అధికారి దిగారు. తన కంప్యూటర్ ఎంతటిదో చూపిద్దామని మన్మథరావు గారు ఏదైనా పేరు చెప్పమన్నారు. పై అధికారికి కొండవాళ్ల పేర్లు నోరు తిరగక, మీ పేరే కొట్టించండి అన్నారు.

దక్షిణామూర్తి గారు కొట్టారు. తెరమీద ఒక వరస పడింది: మనమద రావు, యాభై ఒక్క ఏళ్లు, బలిఘట్టం, మలేరియా ఉంది, అయిదు రోజుల మందులో రెండు రోజులే వాడారు.

శుభ్రత లేని వాళ్లకే మలేరియా వస్తుందని మన్మథరావు గారు ఊరూరా ఉపన్యాసాలిచ్చిన మనిషి. తనకొస్తే మాత్రం బలిఘట్టంలో ఇంటి దగ్గర గుట్టుగా రక్తం ఇచ్చి, చేదని మందు మానేశారు. ఆయన తెరవైపు చూశారు, తర్వాత ఏసీవైపు చూశారు.

సూర్యనారాయణమూర్తి గారు మెల్లగా అడిగారు. "ఇప్పుడు పూర్తి కోర్సు వేసుకుంటారా, మన్మథరావు గారూ?"

మర్నాటి నుంచి ఆఫీసరు గారు అందరి ఎదుటా మాత్రలు మింగారు. మెమో మాట మళ్లీ రాలేదు. ఏడాది రిపోర్టులో ఆ పద్ధతి తన పర్యవేక్షణలో తయారైందని రాయించుకున్నారు. దక్షిణామూర్తి గారు ఒక్క అక్షరం పొల్లుపోకుండా టైపు చేసిచ్చారు.

తర్వాతి సంతకు మత్స్యలింగమే కాలినడకన వచ్చాడు. తన పేరు చూపించమన్నాడు. తెరమీద నాలుగు వరసలు పడ్డాయి. చదువు రాకపోయినా వేలుపెట్టి లెక్కపెట్టాడు.

"ఈళ్లలో నేనెవుణ్ణి బాబూ?"

నలుగురూ నువ్వేనని దక్షిణామూర్తి గారు చెప్పారు. అయితే ఆ నలుగురికీ జొరం తగ్గిపోయిందని బేగి రాసెయ్యమన్నాడు మత్స్యలింగం. ఆయన రాసేశారు.