పాత కారు దీపం అద్దం

అతను కువైట్‌లోని సల్వాలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. తువ్వాలు చుట్టిన అట్టపెట్టెను ఒళ్ళో పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని పలకరించాడు. కోనసీమ మనిషి. ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాడు.

“మా కఫీల్‌కి, అదే మా యజమానికి, వాళ్ళ నాన్నగారి నాటి కారుందండి. దాన్ని మళ్ళీ కొత్తదానిలా చేయిస్తున్నారు. ఇది దాని వెనకాల దీపం అద్దమండి. డూప్లికేట్ కాదు, అసలుదే. ఎన్ని దేశాలు వెతికినా ఈ ఒక్కటే దొరికిందంట. నా రెండేళ్ళ జీతం పోసినా రాదండి. డ్రైవరు ఊరెళ్ళాడని, షువైఖ్‌లో మెకానిక్ షెడ్డులో ఇచ్చి రమ్మని నన్ను పంపారు.”

అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“పట్టు జారుతుందేమోనని భయంగా ఉందండి. కాసేపు మీరు పట్టుకుంటారా?”

తీసుకున్నాను. పెద్ద బరువేం లేదు. అయినా ఊపిరి గట్టిగా పీల్చడానికి భయమేసింది.

ఇంతలో ఏదో కారు అడ్డొచ్చి, బస్సు డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. ముందుకు తూలిపోతూ పెట్టెను గుండెకు హత్తుకున్నాను. లోపల టక్కుమని చిన్న చప్పుడైంది. ఇద్దరం విన్నాం.

“విప్పి చూద్దామా?” అడిగాను.

అతని మొహం పాలిపోయింది. మెల్లగా పెట్టె అందుకున్నాడు.

“వద్దండి. పగిలుంటే మీరు ఊరికే బాధపడతారు. నేను షెడ్డులో చూసుకుంటాను.”

షువైఖ్‌లో దిగి, నా కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపాడు. బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. అతను తువ్వాలు విప్పలేదు.