ముఫత్‌గ వచ్చిన లెక్కలు

కేతేపల్లిల మాకు లెక్కలు చెప్పిన టీచరమ్మకు ముఫత్‌గ దొరికే ఆప్‌లంటే పానం. కొత్తది దొరికితే ఫోన్‌ను కండ్లకద్దుకునేది. పైసలడిగే ఆప్ అయితే మొఖం తిప్పుకునేది. "ఊకెనే వస్తుంటె కొనుడెందుకు?" అనేది. మాకు పరీక్షలు పెట్టేది ఆ ఫోన్‌లనే, ఇంట్ల ఎవరు ఏ పని చెయ్యాల్నో పంచేది గూడ అండ్లనే.

ఒక శనివారం మాపటికి మా క్లాసు గ్రూపుల మెసేజ్ వచ్చింది: "రేపు పొద్దుగాల ఆరింటికి గొర్లకు నట్టల మందు తాపుడు. రానోళ్లకు బువ్వ లేదు."

భయానికి పదకొండు మందిమి పోయినం. వాళ్ల గొర్ల దొడ్డికాడ మమ్మల్ని చూసి టీచరమ్మ ఫోన్ తీసింది. ముఫత్ ఆప్‌ల వాళ్లింటి పని మాకొచ్చింది, మాకు రావాల్సిన పరీక్ష వాళ్లింటి గ్రూపుకు పోయింది. తప్పయిందని ఒప్పుకుంటే ఆమె టీచరమ్మ ఎట్లయితది? "గొర్రె బరువును బట్టి మందెంతనో లెక్కగట్టుండ్రి. అనుపాతం అంటే గిదే," అన్నది. మందు తాపినంక అక్కడనే కూసోవెట్టి పరీక్ష గూడ రాపిచ్చింది.

సోమవారం ఆమె పెనిమిటి టిఫిన్ డబ్బ ఇయ్యడానికి బడికొచ్చిండు. ఇంటి గ్రూపుల వచ్చిన పరీక్షను ఆయన గూడ భయానికే రాసిండట.

"ఇరవైకి నాలుగొచ్చినయ్ నీకు. లోపటికి రా, కూసో," అన్నది టీచరమ్మ.

ఆయన తల వంచుకొని వచ్చి ఆఖరి బెంచీల నా పక్కన కూసున్నడు.

"నీకెన్నొచ్చినయ్ బిడ్డా?" అని మెల్లగ అడిగిండు.

"మూడు."

ఆ మనిషి మొఖం ఎలిగిపోయింది. ఇగ గంట కొట్టేదాంక నాకు లెక్కలు చెప్పింది ఆయనే.