చూసినాడని చెప్పత్తా

దగ్గరికి జరిగి కూర్చోండి. చాప ఇంకాస్త ఇటు లాక్కోండి. గడప దగ్గరి బండ చల్లగా ఉంటుంది, కాళ్లు దానిమీద పెట్టుకోండి. నేను చెప్పబోయేది ఇద్దరి కథ. ఒకరు మా కోడలు. రెండోవారు ఎక్కడో మంచు కురిసే దేశంలో ఐదు వందల ఏళ్ల కిందట బతికిన ఒక పెద్దాయన. ఆయన పేరు మా కోడలు ఎన్నిసార్లు పలికించినా నా నోరు తిరగలేదు. విసుగొచ్చి చుక్కలాయన అనేశాను. కొన్నాళ్లకు ఆమె కూడా అట్లాగే అనడం మొదలుపెట్టింది.

మాది బేతంచెర్ల. నా కొడుకు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. సాయంత్రం ఇంటికొస్తే వాడి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉంటాయి. కోడలు మైదుకూరు పిల్ల. మా ఊరి బడిలోనే సైన్సు టీచరు. నాకేమో మూడో తరగతితోనే చదువు అయిపోయింది. కథలు మాత్రం మా అమ్మ నోట విన్నవి ఒక్కటీ పోలేదు. సాయంత్రమైతే వీధిలో పిల్లలు మా అరుగు మీదికి చేరేవారు. సూర్యుడి ఏడు గుర్రాల రథం గురించి నేను చెప్తుంటే ఆమె తలుపుకు ఆనుకుని నిలబడి వినేది. కాదని ఒక్క మాట అనేది కాదు.

ఒకనాడు నేను చాటలో కొర్రలు చెరుగుతూ, "పొద్దు మునిగింది, లైటు వెయ్యమ్మే" అన్నాను.

"పొద్దు యాడ మునిగిందత్తా? అది ఉన్న తావునే ఉండాది. మనమే అవతలికి తిరుక్కుంటిమి."

"మనం తిరిగితే ఈ చాటలో కొర్రలు ఒలికిపోవా?"

"మొన్న బస్సులో చెంబు నీళ్లు ఒళ్లో పెట్టుకుని కూచ్చుంటివి గదా, ఒలికినాయా?"

"అది డ్రైవరు మంచోడు గాబట్టి!"

ఆమె నవ్వీ నవ్వీ తలుపు పట్టుకుని కింద కూర్చుంది. ఆ మాట మరునాడు బడిలో టీచర్లందరికీ చెప్పిందట.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం రైల్లో. నంద్యాలలో చుట్టాలింటికి పోవడానికి మా స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి కూర్చున్నాం. పక్క పట్టాల మీద గూడ్సు బండి ఉంది. "కదిలిందమ్మే, నీళ్ల సీసా ఇంట్లోనే మర్చిపోతిమి" అని నేను లేవబోయాను. ఆమె నా గడ్డం పట్టుకుని ముఖాన్ని రెండో కిటికీ వైపు తిప్పింది. అక్కడ వేపచెట్టు ఎక్కడిది అక్కడే ఉంది. కదిలింది గూడ్సు బండి.

"చూస్తివా అత్తా? కూచ్చున్నోళ్లకు ఎవురు కదుల్తాండారో తెలీదు. చుక్కలాయన కనుక్కొనింది ఇదే."

ఆ దారిలోనే ఆయన బతుకంతా చెప్పింది. తండ్రి వ్యాపారి, పిల్లవాడు పెరగకముందే పోయాడు. మేనమామ చేరదీసి పెద్ద చదువులు చదివించాడు. వైద్యం నేర్చుకున్నాడు, న్యాయం నేర్చుకున్నాడు. చర్చిలో కొలువు చేస్తూ బీదాబిక్కీకి మందులిచ్చేవాడు. రాత్రయితే ఆకాశం చూసేవాడు. అప్పటికి దుర్భిణి పుట్టలేదు. కొయ్యతో చేసుకున్న పనిముట్లూ ఉత్త కళ్లూ, అంతే. చూసి చూసి, లెక్క కట్టి కట్టి, సూర్యుడు నడుమ ఉన్నాడని, భూమే ఆయన చుట్టూ తిరుగుతోందని తేల్చుకున్నాడు. తేల్చుకున్నాక భయపడ్డాడు. జనం నవ్వుతారని రాసిన దాన్ని ఏళ్ల తరబడి దగ్గరే పెట్టుకున్నాడు. ఒక చిన్న వయసు పంతులు దూరదేశం నుంచి వెతుక్కుంటూ వచ్చి, ఆయన దగ్గరే ఉండి, బతిమాలి అచ్చుకు పంపించేలా చేశాడు. అచ్చయ్యేలోపల చుక్కలాయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. పుస్తకం చేతికొచ్చిన రోజే ప్రాణం పోయిందంటారు.

నాకు ఆ కథలో ఒక్కటే వెలితి కనిపించింది. "పెండ్లాం ఏమైంది మరి?"

"పెండ్లి చేసుకోలేదత్తా. ఆ కొలువులో చేసుకోగూడదు."

"కూడు ఎవురు వండిపెట్టిరి?"

"ఒకామె ఉన్నింది. ఆమెను ఇంట్లో పెట్టుకోగూడదని పెద్దోళ్లు పోరు పెడితే పంపించేసినాడు."

ఆ ముసలాయనకు ఆ చలిలో వేడి నీళ్లు కాచి ఇచ్చే మనిషి కూడా లేకుండా పోయిందే అని నాకు ఏడుపు ఆగలేదు. ఎదురుగా కూర్చున్న సాయిబు, "ఏమైందమ్మా, ఎవురన్నా పోయినారా?" అని అడిగాడు.

"ఎవురూ పోలేదు భాయ్. ఐదొందల ఏండ్ల కిందట పోయినాయన కోసం ఏడుస్తాండాది" అంది కోడలు. ఆయన సంచిలోంచి రెండు జామకాయలు తీసి మాకిచ్చాడు.

ఆ ఏడు బడిలో సైన్సు పండగ చేస్తారని, పిల్లలకు చుక్కలాయన కథ నేనే చెప్పాలని పట్టుబట్టింది. "నేను చెప్తే పాఠమైతాది. నువ్వు చెప్తే ఇంటారు." దాంతో మా ఇంట్లో రోజూ సాధకమే. నేను అన్నం వారుస్తూ చెప్పేదాన్ని, ఆమె కూరగాయలు తరుగుతూ దిద్దేది. నా నోరు ఊరుకుంటుందా? ఆయన చనిపోయే గడియలో ఆ వంటామెను మళ్లీ తెచ్చి మంచం పక్కన కూర్చోబెట్టాను. కోడలు కత్తిపీట మీదనుంచే చెయ్యెత్తింది.

"కలపొద్దత్తా. ఉండేది ఉండేటట్టు చెప్పు. తెలీంది తెలీదని చెప్పు."

"అయితే పుస్తకం చూసినాడా, లేదా?"

"చూసి కన్నుమూసినాడని కొందరంటారు. అప్పటికే తెలివి లేదని కొందరంటారు. ఎవురికీ తెలీదు. పిల్లోళ్లకు అట్లే చెప్పు."

"అట్ల చెప్తే కథకు కడుపు నిండదమ్మే."

"నిండకపోతే పోనీ. అబద్ధంతో నింపొద్దు."

నా కొడుకు ఆ మాటలు వింటూ పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. వాడు అడగక అడగక ఒక మాట అడిగాడు. "ఆయన సమాధి యాడుంది?"

"ఆ చర్చిలోనే, కింద పరిచిన బండల కింద. యా బండ కిందనో శానా తరాలు ఎవురికీ తెలీలే. మన కాలంలోనే తవ్వి కనుక్కున్యారు."

"అంతవరకూ మీదనే నడిచినారా?" అన్నాడు వాడు. రోజూ బండలతోనే బతికే మనిషి. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

సైన్సు పండగ దగ్గరపడుతుండగా ఆమెకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. చేతుల మీద, ఎక్కడా తగలకుండానే, నల్లగా కమిలిన మచ్చలు లేచాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, రక్తంలోనే జబ్బు ఉందన్నారు. పండగ ఆమె లేకుండానే జరిగిపోయింది. నేను పోలేదు. "వచ్చే ఏడు చెప్దువులే అత్తా. నేను ముందర కూచ్చుని ఇంటా" అంది. ఆ మాట మీదనే నేను ఆసుపత్రిలో కాలం గడిపాను. ఆమె బతకాలి, ముందర కూర్చోవాలి, నేను చెప్పాలి. ఇంకేమీ కోరుకోలేదు.

ఆమె జుట్టు రాలింది. చెయ్యి నా చేతిలో చీపురుపుల్లలా ఉండేది. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ ఆమె దుప్పటి మీద పడుతుంటే, కళ్లు మూసుకునే అంది. "ఈడనే చెప్పత్తా. బడిలో చెప్పినట్టే చెప్పు. నేను పిల్లోళ్లలో కూచ్చున్యా అనుకో."

ఆమె ఏమంటోందో నాకు అర్థమైంది. వచ్చే ఏడు లేదు.

చెప్పాను. పక్క మంచం ఆమె కూడా ఇటు తిరిగి పడుకుని వినసాగింది. మేనమామ, మందులు, మంచు, కొయ్య పనిముట్లు, దూరం నుంచి వచ్చిన చిన్న పంతులు. ఒక్క మాట కలపలేదు. పుస్తకం వచ్చింది, మంచం మీద ఆయన పడి ఉన్నాడు, చూసినాడో లేదో ఎవరికీ తెలియదు అని, ఆమె నేర్పినట్టే ముగించాను.

నిద్రపోయిందనుకున్నాను. పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"చూసినాడని చెప్పత్తా."

కలపొద్దని కత్తిపీట మీదనుంచి చెయ్యెత్తిన పిల్లే అడిగింది ఆ మాట.

ఇక నేను దాచుకున్నదంతా తెచ్చి పోశాను. వంటామె మంచులో నడుచుకుంటూ వచ్చింది, ఎవరు అడ్డం పడినా ఆగలేదు. ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. పుస్తకం గుండె మీద ఆనించి, ఆయన వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించింది. నేను కోడలి వేలు పట్టుకుని దుప్పటి మీద అట్లాగే నడిపించాను. ఆయన కళ్లు తెరిచాడు. నడిమధ్య సూర్యుడి బొమ్మ చూశాడు. ఇది నాదే అన్నాడు. కథ అక్కడ అయిపోవాలి. నేను అయిపోనివ్వలేదు. వంటామె పాలు కాచింది, పంతులు దీపం దగ్గరికి జరిపాడు, కిటికీ తెరిచారు. నోటికొచ్చిందల్లా కలుపుతూ పోయాను, ముగిస్తే ఏమవుతుందోనని.

ఆఖరికి, "బాగుండాదా అమ్మే?" అని అడిగాను. బదులు రాలేదు. టీ తేవడానికి పోయిన నా కొడుకు వచ్చి గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఎక్కడిదాకా విన్నదో నాకు తెలియదు. ఆయన చూసినాడన్న మాట దాకా అయినా విన్నదో లేదో, అది కూడా తెలియదు.

ఆమెను మా చేను గట్టున మట్టిలో పెట్టాం. సమాధి మీదికి బండ నా కొడుకే ఏరి, తనే పాలిష్ పట్టాడు. ఆమె పేరు దూరం నుంచి కనపడేంత పెద్ద అక్షరాలతో చెక్కించాడు. "ఎవురూ తెలీక మీద నడవగూడదమ్మా" అన్నాడు.

మరుసటి ఏడు సైన్సు పండగకు హెడ్‌మాస్టరు ఇంటికొచ్చి పిలిచాడు. పోయాను. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా పెట్టమన్నాను. కథ అయ్యాక రెండు జడల పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"పుస్తకం చూసినాడా అవ్వా?"

నోట్లో రెండు మాటలూ వచ్చి నిలబడ్డాయి. రెండూ మా కోడలివే. నేను ఏది విడిచిపెట్టేది?

"ఎవురికీ తెలీదు తల్లీ" అన్నాను. "చూసినాడని మీ టీచరు చెప్పమనింది."

ఇంతసేపూ విన్నారు, మీ ఇల్లు చల్లగుండాల. మీ ఇంట్లో కథ చెప్పమని అడిగే గొంతు ఎన్నడూ ఆగకుండాల. చెప్పేవాళ్ల మాట ముగిసేదాకా వినేవాళ్లు ఊఁ కొడుతూనే ఉండాల.