చిన్నమ్మ సంతకానికి సాక్షిగా కోదాడ దాకా

మా చిన్నమ్మ ముసలితనం వైద్యశాస్త్రానికి పనికొస్తుందని కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఉంటున్న వృద్ధుల నర్సింగ్ హోమ్ వార్ధక్యం మీద పరిశోధనకు సాయపడుతోందట. ఆమె సంతకానికి నేను సాక్షిగా రావాలట. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ముసలితనాన్ని ఒకరు కావాలని అడగడం ఇదే మొదలు.

ఉదయం ఏడింటికి సూర్యాపేటలో బస్సెక్కాను. ఆధార్ చూసి కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చాడు. పక్కసీటావిడకు సంగతి చెప్తే, "మా ఇంట్ల ఇద్దరు ముసలోళ్లున్నరు, ఆళ్లను గూడ తీసుకుంటరా?" అని అడిగింది.

ఎనిమిదింపావుకు కోదాడలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో హోమ్‌కు చేరేసరికి తొమ్మిది. 'ఆరోగ్యకరమైన వార్ధక్యమే మా లక్ష్యం' అని గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టారు.

చిన్నమ్మ మిర్యాలగూడ రైస్‌మిల్లులో ముప్పయ్యేళ్లు తూకాలు రాసింది. కాంటా చూడనిదే దేన్నీ నమ్మదు. హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టరు ఆమెకు కాగితాలిచ్చి, "వయసు మళ్లినవాళ్లు ఎందుకు పడిపోతున్నారో తెలుసుకుంటాం అమ్మా. మీ నడకను గడియారంతో కొలుస్తాం" అన్నాడు.

"దానికి గడియారమెందుకు సారు? నాతోని రా, సూపిస్త" అని ఆయన్ని స్నానాల గదికి తీసుకుపోయింది. తడి టైల్స్. పట్టుకోవడానికి గోడకు ఏమీ లేదు. ఆమె గదిలోనే ఉండే సాయమ్మ పోయిన నెల అక్కడే జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకా మంచం దిగలేదు.

"గీడ కడ్డీ పెట్టుండ్రి. అప్పుడు సంతకం పెడ్త."

"పైవాళ్లకు రాశామండి, వచ్చే నెల చూద్దామండి" అన్నాడు వెంట వచ్చిన హోమ్ మేనేజర్. పరిశోధన కోసం కొత్త కంప్యూటర్ మాత్రం ఈ నెలలోనే వచ్చింది.

"అట్లయితే సంతకం గూడ వచ్చే నెలనే సూద్దాం."

సంతకాలకు వరసలో కూర్చున్న మిగతా పదిమంది ఆడవాళ్లూ తమ కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. హోమ్‌వాళ్లు వేరే చోటు చూసుకోమంటే ఈమెను ఎక్కడికి తీసుకుపోను? "జర ఆగు చిన్నమ్మా" అని చెవిలో అన్నాను.

"నువ్వు సాక్షివి గద బిడ్డా, సూడు" అంది.

డాక్టరు మేనేజర్ వైపు తిరిగాడు. "ఇవాళే పెట్టించండి. అంతవరకు నేను మొదలుపెట్టను."

పన్నెండింటికి పప్పు, వంకాయ కూరతో భోజనం. నెల పట్టే అనుమతి రెండింటికల్లా ప్లంబర్ రూపంలో వచ్చేసింది. మూడున్నరకు చిన్నమ్మ కడ్డీ మీద తన బరువంతా వేసి చూసి, కళ్లద్దాలు పెట్టుకుని, కాగితాలన్నీ చదివి సంతకం చేసింది. కింద నేను చేశాను.

నాలుగున్నర బస్సులో డాక్టరు నా పక్కకే వచ్చాడు. ఇలాంటి చోట్లకు వెళ్లేవారికి నాదొక్క సలహా: ఫ్లెక్సీ తర్వాత చదవండి, స్నానాల గది ముందు చూడండి.

"'సహకరించలేదు' అని రాయడానికి మా ఫారంలో గడి ఉందండీ. వాళ్లు ఏం అడిగారో రాయడానికి లేదు" అన్నాడాయన, చేతిలో ఫారం చూపిస్తూ.

"వెనక పక్క ఖాళీగానే ఉంది కదా" అన్నాను.

కాగితం తిప్పాడు. దారిలో మునగాల ఊరు దాటినా ఇంకా రాస్తూనే ఉన్నాడు.