తల్లిగారి పుస్తె

2001లో నేను జిల్లా పోలీసుల బాంబు తనిఖీ దళంలో హవల్దారును, అంటే హెడ్ కానిస్టేబుల్‌ని. ఆ ఏడు దసరా రోజు పొద్దున్నే మమ్మల్ని మరమగ్గాల ఊరు భివండిలో ఒక తోటకు పంపారు. సాయంత్రం అక్కడి లాన్ మీద ఒక నాయకుడి సభ. పన్నెండులోగా నేలంతా చూసి సర్టిఫికెట్ ఇస్తే తోట మూసేస్తారు.

మేము వెళ్ళేసరికే తెలుగు నేతవాళ్ళ పేట పద్మనగర్‌లో మగ్గాలకు కండెలు చుట్టే రాజవ్వ మోకాళ్ళ మీద గడ్డి వెతుకుతోంది. పక్కన భర్త. ముందురోజు అక్కడ బతుకమ్మ ఆడాక ఇంటికి వెళ్ళి చూసుకుంటే తాడుకు ఒక పుస్తె లేదట. దాని చోట పసుపు కొమ్ము కట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ వాళ్ళను పంపేయమన్నారు. మాదీ కరీంనగర్ వైపే, ఆ కొమ్ము చూసి నాకు మనసొప్పలేదు. ఎలాగూ డిటెక్టర్ మోగిన ప్రతిచోటా చూడాల్సిందే కదా, దొరికితే ఇచ్చేద్దామన్నాను. ఆయన గడియారం చూసుకుని సరేనన్నారు.

"ఏడ్వకు, ఇంకోటి చేపిస్త," అన్నాడు భర్త.

"నువ్వు పెట్టింది ఉన్నది. పోయింది మా అవ్వది," అందామె.

మా వైపు రెండు పుస్తెల్లో ఒకటి తల్లిగారిది, ఒకటి అత్తగారిది. రాజవ్వ తల్లి పోయి ఇంకా ఏడాది కాలేదు.

పెద్ద డిటెక్టర్ లోహం ఉన్న చోటు సుమారుగా చెబుతుంది. చేతి ప్రోబ్ జానెడు కడ్డీ, మొన దగ్గర ఉన్నదానికే పలుకుతుంది. మోగిన చోట గడ్డిని మూడు వైపులా కోసి, మడత తిప్పి, ప్రోబ్‌తో చూసి మళ్ళీ మూసేస్తాం. ఆ నేల చదును చేయడానికి సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్ల చెత్త పోశారు, ఎక్కడ చూసినా విరిగిన పిన్నులే. ఆ మోతకు విసిగి నేను ప్రోబ్ పసిగట్టే శక్తి తగ్గించాను. ఆడవాళ్ళు ఆడిన వలయమంతా చూశాను. ఏమీ లేదు.

పదకొండు దాటాక గానీ నా బుర్రకు తట్టలేదు. ఆట అయ్యాక గౌరమ్మ పసుపు పుస్తెలకు పెట్టుకుంటారు కదా, ఎక్కడ కూర్చున్నారని అడిగాను.

"గా గేటు పక్కన. పుస్తెలు బయటికి తీసి పెట్టుకున్నం," అంది.

అక్కడ శక్తి పూర్తిగా పెంచాను. ప్రతి పిన్నుకూ మోగుతుంటే ఓపిక పట్టాను. కాసేపటికి గడ్డి మొదళ్ళలో దొరికింది, పసుపు ఇంకా అంటుకునే ఉంది. అనుమానం వచ్చి, ఇచ్చే ముందు శక్తి తగ్గించి దాని మీద ప్రోబ్ ఆనించాను. పలకలేదు.

రాజవ్వ దాన్ని కళ్ళకద్దుకుంది. భర్త కొమ్ము విప్పి పుస్తె గుచ్చుతుంటే మెడ వంచి నిలబడింది. నేనూ ఇన్‌స్పెక్టరూ అటు తిరిగి నిలబడ్డాం. నాకు కళ్ళు చెమర్చాయి.

వాళ్ళు వెళ్ళాక, ప్రోబ్ శక్తి తగ్గించిన తప్పు ఇన్‌స్పెక్టర్ దగ్గర ఒప్పుకున్నాను. వలయమంతా మళ్ళీ చూశాం. సర్టిఫికెట్ గంట ఆలస్యమై ఇన్‌స్పెక్టర్ పైవాళ్ళతో మాటలు పడ్డారు, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. పుస్తెకు పలకని ప్రోబ్ చిన్న డిటొనేటర్‌కూ పలకకపోవచ్చు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎంత మోత పెట్టినా, నేను దాని శక్తి తగ్గించలేదు.