బాబాయి చేతిలో మొండి టైరు

మా బాబాయి లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఇంట్లోకి కొత్త కుర్చీ వస్తే ముందు ఆయన కూర్చుని అటూ ఇటూ ఊగి చూడాలి. కొత్త కుక్కరు వస్తే విజిలు వేసేదాకా దాని పక్కనే కాపలా కాయాలి. అంతా సవ్యంగా ఉన్నా "ఇంకోసారి చూద్దాం" అంటాడు తప్ప, బాగుందని చచ్చినా అనడు. ఆయన్ని కట్టుకున్న పాపానికి పిన్ని ఇన్నేళ్ళుగా చల్లారిన కాఫీ తాగుతోంది. నోరు కాలుతుందేమోనని ఆయన ముందు రుచి చూస్తాడు మరి.

అలాంటి మనిషి భార్య యాభై దాటాక కొండలెక్కే సైకిలు కొనుక్కుంది. మోకాళ్ళకు మంచిదని డాక్టరమ్మ ఏదో తేలికపాటి వ్యాయామం చెప్పింది. పిన్ని దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకుంది. అప్పటిదాకా ఆవిడ ప్రయాణాలన్నీ బాబాయి స్కూటరు వెనక సీటు మీదే, ఆయన ఎటు తిప్పితే అటు. వెనక సందులో పడుతూ లేస్తూ సైకిలు నేర్చుకుంది. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే తన సైకిలు స్నేహితులతో ఊరవతల కొండ పైదాకా వెళ్ళాలి. దారంతా కంకర కాబట్టి నున్నటి టైర్లతో వస్తే తీసుకెళ్ళనని, ఆ గుంపును నడిపించే నర్సమ్మ ఖరాఖండిగా చెప్పింది. పిన్ని వెళ్ళి బొడిపెల టైర్లు తెచ్చుకుంది. అవి ఆవిడ చేతిలోంచి అందుకుని బాబాయి, ఎక్కించే పని తను చూసుకుంటానన్నాడు.

వెనక టైరు బుద్ధిగా ఎక్కి కూర్చుంది. ముందుదే పేచీ పెట్టింది. నేను వాళ్ళింట్లోనే పై గదిలో ఉండి ఉద్యోగానికి వెళ్తుంటాను. శనివారం సెలవు కదా, కాస్త నిద్రపోదామంటే కింద వసారాలో ఈ యుద్ధం. టైరు అంచు రిమ్ము గాడిలో చుట్టూ సమానంగా కూర్చోవాలి. ఆ అంచు పక్కనే టైరు మీద సన్నటి గీత ఉంటుంది. అది చుట్టూతా ఒకే ఎత్తులో కనిపిస్తే కూర్చున్నట్టు, ఎక్కడైనా లోపలికి మునిగితే కూర్చోనట్టు. మాది ఒకచోట మునిగింది. చక్రం తిప్పితే కుంటి నడక నడిచింది. బాబాయి గాలి తీశాడు, పిసికాడు, మళ్ళీ కొట్టాడు, తిట్టాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఇక్కడ ఇద్దరూ మొండివాళ్ళే, రాజే లేడు.

అంచుకు సబ్బునీళ్ళు రాసి గట్టిగా గాలి కొడితే జారి కూర్చుంటుందని టైర్లు అమ్మినతను చెప్పాడంది పిన్ని. కూర్చునేటప్పుడు ఇటొకసారి అటొకసారి ఠప్పుమంటుందట, అది విని భయపడొద్దన్నాడట. గిన్నెలో నురగ కలిపి ఆయన ముందు పెట్టి తన పనిలోకి వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాయి. టైరు కూర్చోలేదు. టీలు తాగాం. అప్పటికీ కూర్చోలేదు. బాబాయి చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చివరికి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, టైరులోనే లోపముందని, సోమవారం మార్పించుకుందామని, కొండ ఎక్కడికీ పారిపోదని చెప్పాడు. పిన్ని మొహం చూడలేకపోయాను. ఆవిడ ముందురోజే బ్యాగు సర్దుకుని తలుపు పక్కన పెట్టుకుంది.

ఒక్కసారి, ఆఖరుసారి కొట్టి చూడమని బతిమాలింది. ఆయన వెళ్ళాడు.

పిన్ని కూరగాయలు తరుగుతోంది, నేను పక్కనే ఉన్నాను. పంపు కొడుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి ఠప్. వెంటనే ఇంకో ఠప్. పిన్ని చేతిలో కత్తి ఆగింది. నేను చప్పట్లు కొట్టబోయేంతలో బుస్సుమని గాలి పోయింది.

ఇద్దరం వెళ్ళి వసారాలోకి తొంగిచూశాం. బాబాయి చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, టైరు మీద కాలు పెట్టి, ఒంటి బరువంతా వేసి, చక్కగా కూర్చున్న అంచును మళ్ళీ ఊడగొడుతున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు ఆ చెమట సంగతి. ఎక్కించడం కంటే దించడమే కష్టం. అలా ఎన్నిసార్లు ఎక్కించి దించాడో ఆయనకే తెలియాలి. ఆ ఠప్పులు మిక్సీ మోతలోనో మా కునుకుల్లోనో కలిసిపోయి ఉంటాయి.

నాకు ఒళ్ళు మండింది. పెద్దాయన అని కూడా చూడకుండా కడిగేద్దామనుకున్నాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపి, వెళ్ళి ఆయనకెదురుగా నేల మీద కూర్చుంది. దొరికిపోయిన బాబాయి కాలు తియ్యడం కూడా మర్చిపోయాడు.

"ఎందుకండీ ఇదంతా?"

"పడతావు," అన్నాడు. "ఆ కంకరలో పడతావు. నేను పక్కన ఉండను."

"పడితే లేస్తాను."

"లేవలేకపోతే?"

ఆ మాటతో నా కోపం సగం చచ్చింది. మిగతా సగం పిన్ని తరఫున అట్టే పెట్టుకున్నాను. పిన్ని మాత్రం సబ్బు గిన్నె ఆయన వైపు తోసింది.

"గాలి కొట్టడం నాకూ వచ్చు. కానీ నేను కొడితే రేపు మీకు ముద్ద దిగదు. మీ చేత్తోనే ఎక్కించండి. టైరు గురించైనా బెంగ ఉండదు. మిగతా బెంగంటారా, అది మీరు పడాల్సిందే."

ఆయన కొట్టాడు. ఠప్, ఠప్. గీత వెంట చుట్టూ వేలు పెట్టి చూసుకున్నాడు. ఈసారి గాలి తియ్యలేదు.

ఆదివారం ఆయన పేపరులో ఒకే పేజీ పట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లోంచి గేటుకీ గేటు నుంచి ఇంట్లోకీ తిరిగిన దూరం లెక్కేస్తే ఆయనే కొండెక్కి దిగి ఉండేవాడు. ఎండ బాగా ముదిరాక పిన్ని వచ్చింది. ఒళ్ళంతా దుమ్ము, మోచేయి గీరుకుపోయి ఉంది. టైర్లు రెండూ భేషుగ్గా ఉన్నాయని ఆయన అడక్కముందే చెప్పింది. టైర్ల సంగతి ఎవరడిగారంటూ ఆయన ఆవిడను కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి మోచేయి కడగడం మొదలుపెట్టాడు. పడ్డానని పిన్ని ఒప్పుకుంది. పైదాకా వెళ్ళానని కూడా చెప్పింది.

బాబాయి తలెత్తకుండానే అడిగాడు. "పైనుంచి మన ఇల్లు కనిపించిందా?"

"ఏమో, నేను వెతకలేదండీ," అంది పిన్ని. "అక్కడ చూడ్డానికి చాలా ఉంది."

బాబాయి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కుళాయి కట్టేసి, ఏమేముందో చెప్పమన్నాడు.