వాకిట్లో కాగిన నీళ్లు

జనవరి మొదటి వారంలో, సిరిసిల్లలో చలి బాగా ముదిరినప్పుడు, మా ఇంట్లో గీజరు పోయింది. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే నేనంత కంగారు పడను. గీజరు పోతే మాత్రం నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా అత్తమ్మ కుడి చెయ్యే అందుకు కారణం.

అత్తమ్మది జగిత్యాల దగ్గర సారంగాపూర్ మండలంలోని ఒక ఊరు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. అంతకు ముందు వానాకాలం చివర్లో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఒక్కతే ఊళ్లో ఉండే పరిస్థితి లేక సిరిసిల్లకు తీసుకొచ్చాం. ఇక్కడ నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన కోరుట్లలో ఒక రైస్ మిల్లులో పని చేస్తాడు. శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం మొదటి బస్సుకు పోతాడు. కాబట్టి తల్లి ఆయనదైనా చాకిరీ నాది. ఈ మాట ఇప్పుడు రాయడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది, కానీ అప్పట్లో రోజుకు పదిసార్లు మనసులో అనుకునేదాన్ని.

రెండు నెలలకు మాట కొంచెం తిరిగింది. కాలు ఈడ్చుకుంటూ గోడ పట్టుకుని నడవగలిగింది. చెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుని ఉండిపోయింది. ఫిజియోథెరపీ డాక్టరు ఒకటే చెప్పాడు. పొద్దున, సాయంత్రం అరగంట వేడినీళ్లలో చెయ్యి పెట్టి, ఒక్కో వేలూ మెల్లగా తెరవాలి. ఒళ్లంతా వేడినీళ్లతో కాపడం పెట్టినట్టు స్నానం చేయించాలి. రోజు తప్పొద్దు, తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ చెయ్యి తెరుచుకోవడం మా ఇద్దరికీ ఎంత అవసరమో చెబుతాను. అత్తమ్మకు ఒకరి చేత్తో తినడం ప్రాణం మీదికొచ్చినట్టుండేది. ఎడమ చేత్తో తినమంటే, "గా చేత్తోని బువ్వ ముట్టుడేంది" అని మొహం తిప్పేసేది. నేను ముద్ద పెడితే ప్రతి ముద్దకూ ఒక మాట.

"నేనేమన్న సంటిపిల్లనా?"

"సంటిపిల్లలు గింత సతాయించరు అత్తమ్మా."

"ముద్ద పెద్దగైంది. పానం తీస్తవా ఏంది?"

"నీ పానం తియ్యనీకి ముద్ద సాల్తదా?"

అలా ఒకరినొకరం దెప్పుకుంటూ తిండి గడిచేది. డిసెంబరు ఆఖరుకు చూపుడు వేలు, మధ్య వేలు తెరుచుకున్నాయి. ఒకనాడు జొన్నరొట్టె ముక్క ఆ రెండు వేళ్ల మధ్య పట్టుకుని గడ్డం దాకా తెచ్చింది. అక్కడ జారిపోయింది. అయినా సగం మూతితో నవ్వి, "ఇంకో నెలకు నా బువ్వ నేనే కలుపుకుంట, నీ తిప్పలు తప్పుతయ్" అంది. ఆ రాత్రి నాకు నిజంగా సంతోషమేసింది. ఎవరి గురించి సంతోషమో అడిగితే మాత్రం చెప్పలేను.

సరిగ్గా ఆ తర్వాతే గీజరు పోయింది. ముందు నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి, మర్నాడు చల్లగా వచ్చాయి. ఆ సాయంత్రం కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. మా వీధి చివర ఉండే ముస్లిం మెకానిక్ వచ్చి విప్పి చూశాడు. మా బోరు నీళ్ల ఉప్పు లోపల సున్నం గడ్డలా పేరుకుపోయి ఉంది.

"కాయిల్ ఖరాబైంది అక్కా. ట్యాంకు గూడ కారుతున్నది. కరెంటు నీళ్లల్లకు వస్తున్నది. స్విచ్చేసి దీన్ని చాలు చెయ్యకుండ్రి, పెద్దమనిషి ఉన్న ఇల్లు" అన్నాడు.

"ఇయ్యాల అయితదా భయ్యా?"

"గీ కంపెనీ సామాను నా దగ్గర ఉండదక్కా. కొన్న దుకాణంల అడుగుండ్రి. తెప్పిస్తే బిగించేది నా జిమ్మ."

కొన్న దుకాణం కోరుట్లలో ఉంది. మా ఆయనకు అక్కడ తెలిసినవాళ్లని అక్కడ కొన్నాడు. ఫోను చేస్తే దుకాణం వాళ్లు రేపన్నారు, రేపు అడిగితే ఎల్లుండన్నారు. నేను ఫోన్లో మా ఆయన మీద విరుచుకుపడ్డాను. సిరిసిల్లలో గీజర్లు దొరకవా, కోరుట్ల దాకా పోయి మోసుకురావాలా అని అరిచాను. తల్లి మంచం అవతలి గదిలో ఉంది. తలుపు తెరిచే ఉంది.

హీటర్ రాడ్ ఒకటి కొని బకెట్లో పెట్టాను. మాది పాత వైరింగు, పెట్టిన పది నిమిషాలకు ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటైంది. తర్వాత రెండు రోజులు గ్యాసు మీద కాచాను. పెద్ద బగోనె ఎత్తి బాత్రూం దాకా మోయడం, సగం నేల మీద ఒలకడం, ఒలికింది తుడవడం, ఇంతలో బడి వేళ దాటిపోవడం. మూడో రోజు సాయంత్రం మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు గ్యాసు బండ అయిపోయింది. కొత్త బండ రావడానికి రెండు రోజులన్నారు. బగోనె దబ్బున కింద పెట్టి, "ఈ నీళ్లు మోసుడుకే నా బతుకు తెల్లారుతున్నది, ఇది పోయేదేదో ఒక్కసారి పోదు, నన్ను సాధించుకుంట పోతున్నది" అని గీజరును తిట్టాను. గట్టిగానే తిట్టాను.

ఆ రాత్రి పక్కింటి అక్క తన కరెంటు పొయ్యి మీద మా ఇద్దరికీ అన్నం, కూర వండిపెట్టింది. బగోనె నీళ్లు కాచడానికి ఆ పొయ్యి చాలదు. మా ఇంటి వెనకాల ఒక మరమగ్గాల షెడ్డు ఉంది. పాత మగ్గాలు తీసేసి కొత్తవి పెడుతున్నారు. విరిగిన చెక్క ముక్కలు బయట పోశారు. అక్కకు ఆ షెడ్డు వాళ్లు తెలుసు. "కట్టెలుంటే మూడిటుకల మీద పెట్టుకోరాదా" అని ఒక మూట తెచ్చిచ్చింది. మా ఇంటికి పెరడు లేదు. వెనక గోడకు షెడ్డు గోడ ఆనుకుని ఉంటుంది. డాబా మీదికి మెట్లు ఓనరు వాళ్లవి. మంట పెట్టడానికి మిగిలింది వీధి వైపు వాకిలి ఒక్కటే.

మా వైపు వాకిట్లో, గడప ఎదురుగా నీళ్లు ఎప్పుడు కాస్తారో నాకు తెలియదని చెప్పుకోలేను. మనిషి పోయినప్పుడు కాస్తారు. ఇంటి ముందు మంట వేసి, మూడు రాళ్ల మీద నీళ్లు కాచి, ఆఖరి స్నానం పోస్తారు. బతికున్నవాళ్ల నీళ్లు ఎప్పుడూ పెరట్లోనో, బాత్రూం మూలనో కాగాల్సిందే. నేను జగిత్యాలలో పుట్టి పెరిగాను. మా నాయన పోయినప్పుడు ఆ పొయ్యి దగ్గర నిలబడి పొగకు కళ్లు నలుపుకున్నదాన్ని. అయినా మర్నాడు పొద్దున ఏడు గంటలకు నా బుర్రలో ఉన్నది ఎనిమిదిన్నర బడి గంట ఒక్కటే. ఏ కాలం నాటి పట్టింపులు, చెయ్యి బిగుసుకుపోతే ఈ పట్టింపులొచ్చి తెరుస్తాయా అనుకున్నాను. మూడు ఇటుకలు పెట్టి, బగోనె ఎక్కించి, మంట రాజేశాను.

అత్తమ్మ మంచం కిటికీ పక్కనే. కిటికీలోంచి వాకిలి మొత్తం కనిపిస్తుంది.

మగ్గం చెక్కకు నూనె పట్టి ఉంటుంది కాబట్టి పొగ నల్లగా, ఎత్తుగా లేచింది. ముందు ఎదురింటి ఆమె వచ్చింది. కొంగు నిండా కప్పుకుని, చెప్పులు దూరంగా విడిచి వచ్చింది. ఆమె వెనక ఇంకిద్దరు. నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, చిన్నగా అడిగింది.

"ఎప్పుడు పోయింది అవ్వ? నిన్న మాపటికి మంచిగనే ఉండెగదా."

చేతిలో కట్టె మంటలోకి తోసి ఆమె వైపు తిరిగాను. సమాధానం కిటికీలోంచి వచ్చింది.

"ఇంక పోలే బిడ్డా. రాండ్రి, కూసోండ్రి. నీళ్లయితే కాగుతున్నయ్."

ఎదురింటి ఆమె నాలుక కరుచుకుంది. మిగతా ఇద్దరూ నా వైపు ఎలా చూశారో నేను జన్మలో మరిచిపోను. ఒకామె, "సదువుకున్నోళ్లకు గీపాటి తెల్వదా" అంది, నాకు వినబడాలనే అంది. నేను బగోనె దించి, మంట మీద నీళ్లు కొట్టి, ఇటుకలు కాలితో తన్నేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం.

ఆ నీళ్లు బకెట్లో పోసుకుని అత్తమ్మ దగ్గరికి పోయాను. చెయ్యి పట్టుకుంటే వెనక్కి లాక్కుంది.

"వద్దు."

"తప్పైంది అత్తమ్మా. పెరడు లేకపాయె, బడి యాళ్లైతుండె. గంత దూరం సోచాయించలే."

"నేనేమన్ననా? వద్దంటున్న గంతే."

బతిమాలాను, కోప్పడ్డాను, మళ్లీ బతిమాలాను. ఆమె పిడికిలి ఎడమ చేత్తో మూసి పొట్టకు అదుముకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు బడికి పోలేదు.

శనివారం సాయంత్రం మా ఆయన కోరుట్ల నుంచి సామాను పట్టుకొచ్చాడు. మెకానిక్ ఆదివారం పొద్దున్నే వచ్చి బిగించి, ఎర్తింగ్ సరి చేసి, చేతిలో నీళ్లు పట్టి చూసి, "ఇగ పరేషాన్ లేదక్కా" అని పోయాడు. పొగలు కక్కుతూ నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది. కొడుకు బతిమాలితే అత్తమ్మ స్నానానికి ఒప్పుకుంది. చెయ్యి మాత్రం నీళ్లలో పెట్టనియ్యలేదు. సోమవారం ఆయన పోయాక స్నానం కూడా నామమాత్రమైంది. వేళ్లు తెరవబోతే పళ్లు బిగపట్టేది. వారానికి మధ్య వేలు ముడుచుకుంది. ఇంకో వారానికి చూపుడు వేలూ ముడుచుకుంది. డాక్టరు ఇంటికొచ్చి చూసి, పేషెంటు సహకరించకపోతే తాను చేసేదేమీ లేదన్నాడు. మార్చిలో రావడం మానేశాడు.

నేను అన్నం పెట్టడం మాత్రం మానలేదు. ఇప్పుడు ముద్దకో మాట లేదు. నోరు తెరుస్తుంది, నములుతుంది, మింగుతుంది. చాలా అని అడిగితే చాలని తల ఊపుతుంది. సంటిపిల్లనా అని ఒక్కసారి అడుగుతుందేమోనని ఎదురు చూసేదాన్ని. ఆమెను భయపెట్టానని, బతికుండగానే సాగనంపినట్టు చేశానని నాకు నేనే శిక్ష వేసుకున్నాను. మా ఆయనతో ఆ పొయ్యి సంగతి చెప్పనే లేదు. ఎదురింటి వాళ్లు చెప్పే ఉంటారు, ఆయన అడగలేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, ఆయన బజారుకు పోయిన మధ్యాహ్నం, పెరుగన్నం పెడుతూ ఇక ఆగలేక అడిగేశాను.

"అత్తమ్మా, నా మీద కోపమైతే తిట్టు. నాలుగు దెబ్బలు కొట్టు. గా చెయ్యి ఏం జేసింది? నేను నిన్ను భయపెట్టిన, తప్పే."

ఆమె మింగడం అయ్యేదాకా ఆగి మాట్లాడింది. పక్షవాతం వచ్చాక అంత పొడుగు మాట ఆమె మాట్లాడగా నేను వినలేదు.

"భయం గాలే పిల్లా. గా పొద్దుగాల వాకిట్ల పొయ్యి సూశిన. ఎవలు పోయిండ్రో అనుకున్న. ఇంట్ల నేనే ఉంటిని గద, నేనే పోయిన్నేమో అనుకున్న. బరువు దించినట్టు పానం మస్తు అల్కగైంది. అయిపోయింది, ఇగ కోడలికి నా సాకిరి తప్పింది అనుకున్న. మల్ల నువ్వచ్చి చెయ్యి పట్టినవ్. గీ చెయ్యి తెరుసుకుంటె ఇంకెన్నేండ్లు బతకాల్నో అనిపించింది. అందుకే మూసుకున్న."

భయపెట్టానన్న పాపమైతే ఆ క్షణంలో నా మీది నుంచి దిగిపోయింది. దాని చోట ఇంకేదో ఎక్కి కూర్చుంది. జాలి కలగాల్సిన చోట నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లు మోసిన బకెట్లకు, మానుకున్న నిద్రకు, ఆమె ఇచ్చిన జవాబు ఇదా అనిపించింది.

"నువ్వు బరువైనవని నేనెన్నడన్న అన్ననా అత్తమ్మా?"

"అనలే" అంది. "గీజరును తిట్టినవ్. గీజరుకు సెవులుంటయా బిడ్డా? నాకున్నయ్ గని."

ఆమె నోరు మూసుకుంది. పట్టుకున్న ముద్దను తిరిగి గిన్నెలో పెట్టి, తినమని అడగకుండా ఆమె మూతి తుడిచాను.